ప్రాగ్‌ని ఏ వేళకు చూడాలి?

ప్రాగ్ పాత పట్టణ కూడలిలో, టౌన్‌హాల్ గోడ కింద, గంట కొట్టడానికి పది నిమిషాల ముందునుంచే జనం పోగవుతారు. ఫోన్లు పైకి లేస్తాయి. గంట కాగానే ఓ అస్థిపంజరం తాడు లాగుతుంది. పైనున్న రెండు కిటికీలు తెరుచుకుని క్రీస్తు శిష్యులు పన్నెండుమందీ వరసగా వచ్చి తొంగిచూసి పోతారు. చివర్లో బంగారు కోడి కూస్తుంది. అంతా నిమిషం లోపే. ‘ఇంతేనా!’ అన్న మాట పది భాషల్లో వినిపిస్తుంది. జనం చెదిరిపోతారు.

చూడాల్సింది నిజానికి వాళ్లు వెళ్లాకే మొదలవుతుంది. 1410లో మికులాష్ అనే గడియారాల నిపుణుడు చేసిన ఆ ముఖఫలకం ఒకేసారి నాలుగు రకాల కాలాన్ని చెబుతుంది. రోమన్ అంకెల్లో ఉన్నది అందరికీ తెలిసిన సమయం. బయటి వలయంలో ఉన్నవి పాత చెక్ గంటలు. సూర్యుడు అస్తమించగానే ఇరవై నాలుగూ పూర్తయి, మళ్లీ ఒకటి నుంచి లెక్క. సూర్యాస్తమయం రోజూ ఒకే వేళకు కాదు కాబట్టి ఆ వలయం ఏడాది పొడవునా అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది. మూడో లెక్కలో పగలు ఎంత పొడుగున్నా పన్నెండు భాగాలే, అంటే వేసవి గంట పొడుగు, చలికాలపు గంట పొట్టి. నాలుగోది నక్షత్ర కాలం. వీటితోపాటు సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో, చంద్రుడు ఎంత కరిగాడో కూడా చూపిస్తుంది. ఘడియలూ విఘడియలూ లెక్కగట్టి జాతకం రాయించిన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది కొత్త వస్తువేం కాదు, ఇనుముతో చేసిన పంచాంగం. కాకపోతే ఈ గడియారం రాశుల లెక్క సాయనం. దీని సూర్యుడు డిసెంబరులోనే మకరంలోకి వెళ్లిపోతాడు, మన సంక్రాంతి దాకా ఆగడు.

ఇంకెక్కడా ఇలాంటిది చేయకూడదని హనూష్ అనే నిపుణుడి కళ్లు పొడిపించారని గైడ్లు గొంతు తగ్గించి చెబుతారు. తాజ్‌మహల్ కట్టినవాళ్ల చేతులు నరికించారన్న కథకు ఇది తోబుట్టువు. రెంటికీ ఆధారం లేదు. పైగా ఈ గడియారాన్ని మొదట చేసింది హనూషే కాదు.

ప్రాగ్ ప్రయాణానికి ప్లాను వేసుకునేవాళ్లు ముందు ఈ గడియారం దగ్గర కాసేపు ఆలోచించాలి. ఏమేం చూడాలన్నది ఈ ఊళ్లో పెద్ద సమస్య కాదు. ముఖ్యమైనవన్నీ నడిచి తిరగగలిగినంత దూరంలోనే ఉన్నాయి. 1992లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన పాత నగరం మొత్తం వల్తావా నదికి అటొడ్డూ ఇటొడ్డూ సర్దుకుని కూర్చుంది. చిక్కంతా వేళలతోనే. వియన్నా, బెర్లిన్‌ల మధ్య ఒక మధ్యాహ్నం బస్సు దింపి, మూడు గంటల్లో మళ్లీ ఎక్కించుకునే ప్యాకేజీ టూర్లలో వెళ్లినవాళ్లు ప్రాగ్ గురించి చెప్పేది ఒక్కటే: బాగుంది, కానీ ఒకటే జనం. పాపం, వాళ్లు చూసింది కూడా జనాన్నే.

రాజులు నడిచిన దారి

బొహీమియా రాజులు పట్టాభిషేకానికి ఊరేగింపుగా వెళ్లిన దారి ఒకటుంది. పౌడర్ టవర్ దగ్గర మొదలై పాత పట్టణ కూడలికి, అక్కడినుంచి ఇరుకైన కార్లోవా వీధిలోంచి చార్ల్స్ వంతెన మీదికి, అది దాటాక మాలా స్ట్రానా పేటలోంచి నెరుదోవా వీధి ఎత్తెక్కి కోటకు. మొత్తం రెండున్నర కిలోమీటర్లకు అటూ ఇటూ. ఇప్పుడు అదే దారిలో గైడ్ల గొడుగులు నడుస్తాయి, ఫోన్లలోని మ్యాపులు నడిపిస్తాయి. ఉదయం పది నుంచి సాయంత్రం దాకా ప్రాగ్‌లోని రద్దీ దాదాపుగా ఈ ఒక్క గీత మీదే ఉంటుంది. గీతకు ఒక్క వీధి పక్కకు జరిగితే పిల్లల్ని బడినుంచి తీసుకెళ్తున్న తల్లులు, కుక్కతో షికారుకొచ్చిన పెద్దాయన తప్ప ఇంకెవరూ తగలరు.

అలాగని గీతను వదిలేయమనడం లేదు. వదిలేస్తే ఇక ప్రాగ్ చూసినట్టే కాదు. దాని మీద నడిచే వేళ మార్చుకోవాలి, వీలైతే దిక్కు కూడా.

వంతెనకు తెల్లవారుజామే వేళ. 1342 వరదకు అంతకుముందున్న రాతి వంతెన కొట్టుకుపోతే, నాలుగో చార్ల్స్ చక్రవర్తి 1357లో దీనికి శంకుస్థాపన చేశాడు. ఆయనకు జ్యోతిషం పిచ్చి. పెట్టించిన ముహూర్తం 1357లో తొమ్మిదో తేదీ, ఏడో నెల, అయిదు గంటల ముప్పై ఒక్క నిమిషాలకట. అంకెల్ని వరసగా రాస్తే 1, 3, 5, 7, 9, 7, 5, 3, 1. ఎటు నుంచి చదివినా ఒకటే. తర్వాతివాళ్లు అల్లిన కథే అయ్యుండొచ్చు గానీ, ఆరున్నర శతాబ్దాల తర్వాత కూడా వంతెన నిలిచే ఉంది కాబట్టి ముహూర్తాన్ని తప్పుపట్టేవాళ్లు లేరు. జూన్‌లో అయితే ఆ ముహూర్తం వేళకే వెలుతురు బాగా వచ్చేస్తుంది. రాత్రంతా తాగి ఇళ్లకు పోతున్న కుర్రాళ్లు, పెళ్లి ఫొటోలకు వచ్చిన జంటలు, వాళ్లతోపాటు మీరు. అంత పొద్దున్నే లేవలేమనుకుంటే డిసెంబరులో వెళ్లండి. అప్పుడు సూర్యుడే ఎనిమిది గంటలకు గానీ లేవడు.

వంతెన మీది ముప్పై విగ్రహాల్లో చాలావరకు నకళ్లే. రాతి మూలాల్ని వానకూ పొగకూ వదలకుండా మ్యూజియంలోకీ, విషెహ్రాద్ దుర్గం కిందున్న సొరంగాల్లోకీ చేర్చారు. వంతెన మీదున్నవాటిలో అందరూ చెయ్యి వేసి మొక్కుకునేది నెపోముక్ జాన్ అనే మతగురువు విగ్రహానికి. 1393లో నాలుగో వెన్సెస్లాస్ రాజు ఆజ్ఞతో ఆయన్ని ఈ వంతెన మీదినుంచే నదిలో పడేశారు. విగ్రహం పీఠం మీదున్న ఫలకం ఆ చేతుల రాపిడికి అరిగి అరిగి పసుపు రంగులో మెరిసిపోతుంటుంది.

కోటను మాత్రం కింది నుంచి ఎక్కవద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఈ మాట మరీ గుర్తుపెట్టుకోవాలి. 22వ నంబరు ట్రామ్ కొండ చుట్టూ తిరిగి పైకి తీసుకెళ్తుంది. కోట స్టాపులోనో, ఇంకాస్త ముందుకెళ్లి పోహోర్జెలెత్స్‌లోనో దిగితే ఆ తర్వాతంతా దిగుడే. తొమ్మిదో శతాబ్దంలో మొదలై దాదాపు 70 వేల చదరపు మీటర్లకు పరుచుకున్న ఈ కోట ఒక కట్టడం కాదు, ఓ చిన్న ఊరు. మధ్యలో ఉన్న సెయింట్ వైటస్ కెథడ్రల్‌కు 1344లో పునాది వేస్తే 1929కి గానీ పూర్తికాలేదు. అందుకే లోపలి రంగుటద్దాల కిటికీల్లో ఒకటి, పోస్టర్ల చిత్రకారుడు అల్ఫోన్స్ మూహా వేసింది, అంత ఆధునికంగా కనిపిస్తుంది. ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి, సందర్శకుల్ని మధ్యాహ్నం తర్వాతే లోపలికి పంపిస్తారు. ఇది తెలియక ఆదివారం పొద్దున్నే కొండెక్కి ఉసూరుమనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

పాత రాజభవనంలో ఒక కిటికీ ఉంది. 1618లో ప్రొటెస్టెంట్ ప్రభువులు చక్రవర్తి ప్రతినిధులిద్దర్నీ, వాళ్ల గుమాస్తానూ దాంట్లోంచి కిందికి విసిరేశారు. ముగ్గురూ బతికి బట్టకట్టారు. దేవదూతలు పట్టుకున్నారని కేథలిక్కులు, పేడకుప్ప కాపాడిందని ప్రొటెస్టెంట్లు చెప్పుకున్నారు. ఆ కిటికీ దగ్గర మొదలైన గొడవ ముప్పై ఏళ్ల యుద్ధంగా మారి సగం యూరప్‌ను తగలబెట్టింది. ప్రాగ్‌కు దాని శిక్ష ముందే పడింది. 1621 జూన్ 21న పాత పట్టణ కూడలిలో 27 మంది తిరుగుబాటు నాయకుల్లో కొందర్ని ఉరితీసి, మిగతావాళ్లను తలలు నరికి చంపారు. గడియారానికి పక్కనే నేల మీద పరిచిన రాళ్లలో 27 తెల్ల శిలువలున్నాయి. కోడి ఎప్పుడు కూస్తుందా అని తలెత్తి చూసే జనం నిలబడేది వాటికి దగ్గర్లోనే.

కోట ఆవరణలు రాత్రి పది దాకా తెరిచే ఉంటాయి. లోపలి భవనాలు మూశాక, దీపాలు వెలిగాక, ఆ రాతి వీధుల్లో ఊరికే తిరగడానికి టికెట్ అక్కర్లేదు. తర్వాత నెరుదోవా వీధి మీదుగా కిందికి దిగండి. 1770లో ఇళ్లకు నంబర్లు రాకముందు ఇక్కడ ఇంటికో గుర్తు ఉండేది: మూడు ఫిడేళ్లు, ఎర్ర గొర్రెపిల్ల, రెండు సూర్యుళ్లు. రెండు సూర్యుళ్ల ఇంట్లో పెరిగిన రచయిత యాన్ నెరుదా పేరునే చిలీ కవి పాబ్లో నెరుదా కలంపేరుగా పెట్టుకున్నాడంటారు.

శనివారం తెరవని వీధి

యూదుల పేట జోసెఫోవ్‌కు ఒక పూట పూర్తిగా కేటాయించాలి. శనివారం సబ్బత్, ఆ రోజు మ్యూజియం, సినగాగులు, శ్మశానం అన్నీ మూసేస్తారు. యూదుల పండగలకూ అంతే. నగరంలోని మిగతా మ్యూజియాలు చాలావరకు సోమవారం సెలవు. కాబట్టి సోమవారం జోసెఫోవ్, శనివారం నది ఒడ్డున నాప్లావ్కా సంత అని పెట్టుకుంటే లెక్క సరిపోతుంది.

పాత శ్మశానంలో 1787 తర్వాత ఎవర్నీ పూడ్చలేదు. అంతకుముందు మూడు వందల ఏళ్లకు పైగా యూదులకు ఇచ్చిన జాగా దాదాపు అదొక్కటే. చోటు చాలక పాత సమాధుల మీద మట్టి పోసి మళ్లీ పూడ్చారు. కొన్నిచోట్ల పన్నెండు వరసలు. పైకి తేలిన రాళ్లు పన్నెండు వేల దాకా, ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉంటాయి. బంకమట్టితో గోలెమ్ అనే మనిషిని చేసి ప్రాణం పోశాడని కథల్లో చెప్పుకునే రబ్బీ లోవ్ సమాధి కూడా ఇక్కడే ఉంది. ఆయన 1609లో పోయాడు. తలుపులు తెరిచే వేళకే వెళ్తే నిలబడి చూడగలుగుతారు. పదకొండు దాటితే వరసలో కదలడమే.

పక్కనున్న పింకస్ సినగాగు గోడల నిండా చేత్తో రాసిన పేర్లే. బొహీమియా, మొరావియాల నుంచి నాజీలు చంపేసిన దాదాపు 80 వేల మంది యూదులవి. ఇంటిపేర్లు, పేర్లు, పుట్టిన తేదీలు. ఈ గోడలకు ఇంకో చరిత్ర ఉంది. 1960లో ప్రజలకు తెరిచిన స్మారకాన్ని నేలలోంచి తేమ ఎక్కుతోందని 1968లో మూశారు, పేర్లన్నీ పోయాయి. కమ్యూనిస్టు ప్రభుత్వం కూలేదాకా ఎవరూ తిరిగి రాయలేదు. 1992 నుంచి 1996 దాకా కూర్చుని ఒక్కొక్కటే మళ్లీ రాశారు. పై అంతస్తులో పిల్లల బొమ్మలుంటాయి. టెరెజీన్ నిర్బంధ శిబిరంలో ఫ్రీడ్ల్ డికర్ బ్రాండైస్ అనే చిత్రకారిణి అక్కడి పిల్లలకు రహస్యంగా చిత్రలేఖనం నేర్పింది. 1944లో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపేసేనాటికి దాచి ఉంచిన బొమ్మలు నాలుగు వేలకు పైమాటే. ఇళ్లు, సీతాకోకచిలుకలు, రైళ్లు, భోజనాల బల్లలు. చిన్నపిల్లల్ని తీసుకెళ్లాలా వద్దా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. నన్నడిగితే పదేళ్లు దాటినవాళ్లను తీసుకెళ్లమంటాను, చూశాక వెంటనే మరో చోటికి పరుగెత్తించొద్దంటాను.

బయటికొచ్చాక యూదుల టౌన్‌హాల్ గడియారాన్ని ఓసారి చూడండి. హీబ్రూ అక్షరాలది. ఆ లిపి కుడినుంచి ఎడమకు సాగుతుంది కాబట్టి ముళ్లూ వెనక్కి తిరుగుతాయి.

గీత బయట

మధ్యాహ్నాలు ఎలా గడపాలంటారా? గీత కిక్కిరిసే ఆ గంటల్లోనే బయటి ప్రాగ్ చూడాలి. మెట్రోలో విషెహ్రాద్ వెళ్తే కొండ మీది శ్మశానంలో సంగీతకారులు ద్వోర్జాక్, స్మెతానా, రోబోలను మొట్టమొదట నాటకంలోకి తెచ్చిన కారెల్ చాపెక్ ఒకే చోట ఉన్నారు. కాఫ్కా మాత్రం ఇక్కడ లేడు, జిజ్కోవ్ దగ్గరున్న కొత్త యూదుల శ్మశానంలో ఉన్నాడు.

లెత్నా కొండ మీదినుంచి వంతెనలన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. అక్కడ అటూ ఇటూ ఊగుతుండే పెద్ద మెట్రోనోమ్ నిలబడిన దిమ్మె మీద 1955లో స్టాలిన్ విగ్రహం పెట్టారు, యూరప్ మొత్తంలో అంత పెద్ద స్టాలిన్ విగ్రహం లేదు. చెక్కిన శిల్పి ఒతకార్ ష్వెత్స్ ఆవిష్కరణకు ముందే ఆత్మహత్య చేసుకున్నాడు. ఏడేళ్లు గడిచేసరికి, 1962లో, ప్రభుత్వమే మందుపాతరలు పెట్టి దాన్ని పేల్చేసింది.

రెస్లోవా వీధిలో సిరిల్, మెథోడియస్ చర్చి ఉంది. 1942 మే 27న నాజీ పాలకుడు హైడ్రిక్ మీద దాడిచేసిన చెకొస్లొవాక్ పారాట్రూపర్లు ఇందులోనే దాక్కున్నారు. జూన్ 18న జర్మన్లు చుట్టుముట్టి, నేలమాళిగలోకి నీళ్లు వదిలారు. ఏడుగురిలో ఒక్కరూ ప్రాణాలతో చిక్కలేదు. వీధివైపు చిన్న కిటికీ చుట్టూ గోడలో తూటాల గుంతలు అలాగే ఉంచారు. అక్కడినుంచి రెండడుగులేస్తే ఫ్రాంక్ గేరీ, వ్లాడో మిలునిచ్‌లు 1996లో కట్టిన ‘డ్యాన్సింగ్ హౌస్’. 1945 ఫిబ్రవరి 14న డ్రెస్డెన్ అనుకుని అమెరికా విమానాలు పొరపాటున ప్రాగ్ మీద బాంబులు వేశాయి. అప్పుడు కూలిన ఇంటి ఖాళీ జాగాలోనే ఇది లేచింది.

దెయ్‌విత్సే ప్రాంతంలో ఠాగూర్ పేరు పెట్టిన వీధి, ఆయన విగ్రహం ఉన్నాయి. రవీంద్రుడు 1921లో, 1926లో ప్రాగ్ వచ్చాడు. మొదటిసారి ఆయన ప్రసంగం విన్న సంగీతకారుడు లియోష్ యానాచెక్ ఆ మరుసటి ఏడాదే ఠాగూర్ కవితకు బృందగానం కట్టాడు. ఫొటో తీసుకోవడానికి తప్ప మరీ పనిగట్టుకుని వెళ్లాల్సినంత చోటేం కాదు.

సాయంత్రానికి సంగీతం. తలకు విగ్గులు పెట్టుకుని వీధుల్లో కచేరీ టికెట్లు అమ్మేవాళ్లను దాటుకుని రుడోల్ఫినమ్ కచేరీ హాలుకో, ఎస్టేట్స్ థియేటర్‌కో వెళ్లండి. 1787 అక్టోబరు 29న మోట్సార్ట్ తన ‘డాన్ జొవాన్నీ’ని తొలిసారి స్వయంగా నడిపించింది ఆ థియేటర్లోనే. దాదాపు రెండు శతాబ్దాల తర్వాత ‘అమెడియస్’ సినిమాను మీలోష్ ఫోర్మన్ తీసిందీ అక్కడే.

కొరునాలు, జున్ను, పలుచని కాగితం

చెక్ రిపబ్లిక్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది, డబ్బు మాత్రం యూరో కాదు, కొరునా. ‘కమీషన్ లేదు’ అని పెద్దక్షరాల్లో రాసుకున్న డబ్బు మార్పిడి దుకాణాలు కూడలి చుట్టూ ఉంటాయి. వాళ్ల లాభం కమీషన్‌లో కాదు, రేటులో ఉంటుంది. 2019లో వచ్చిన చట్టం ప్రకారం మార్చుకున్న మూడు గంటల్లోపు రసీదు చూపించి డబ్బు వెనక్కి అడగొచ్చు, వెయ్యి యూరోల విలువదాకా. అసలు కార్డే మేలు. మెషీన్ ‘రూపాయల్లోనా, కొరునాల్లోనా’ అని అడిగితే కొరునాలే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం.

మెట్రో, ట్రామ్, బస్సు అన్నింటికీ ఒకటే టికెట్. కాగితం టికెట్ కొని జేబులో పెట్టుకుంటే సరిపోదు, పసుపు మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. తనిఖీ చేసేవాళ్లు మామూలు బట్టల్లోనే ఉంటారు, పర్యాటకులమంటే వినరు. బస వినోహ్రాదీ వైపు, మెట్రో స్టేషన్‌కు దగ్గర్లో చూసుకుంటే పాత పట్టణంకన్నా చవక, రాత్రి నిద్రా పడుతుంది. అక్కడి నామ్యెస్తీ మీరు స్టేషన్ 53 మీటర్ల లోతున ఉంది. ఎస్కలేటర్ మీద కాలు పెట్టేముందు పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోండి.

చెక్ భోజనమంటే మాంసం, గ్రేవీ, మెత్తటి క్నెడ్లీక్ ముద్దలు. శాకాహారులకు గుడ్డు ఇబ్బంది లేకపోతే దారి ఉంది. జున్ను ముక్కకు పొడి అద్ది వేయించిన స్మజెనీ సీర్, వెల్లుల్లి, మర్జోరమ్ వేసి కాల్చిన బంగాళదుంప అట్టు బ్రాంబొరాక్, లోపల పండు పెట్టి ఉడికించిన తియ్యటి ముద్దలు. సూపు అడిగేముందు మాత్రం ‘బెజ్ మాసా’ అని నిర్ధారించుకోండి, మాంసం లేకుండా అని. కూరగాయల సూపు అని రాసి ఉన్నా ఎముకల రసంతో చేస్తారు. బొగ్గుల మీద తిప్పుతూ కాల్చి వీధి వీధినా ‘పాత బొహీమియా రుచి’ అంటూ అమ్మే త్రదెల్నీక్‌కు ప్రాగ్‌లో అంత పాత చరిత్రేం లేదు. వేడి మీద తింటే బాగుంటుంది, అంతవరకే. ఇక బీరు. తలసరి బీరు తాగడంలో చెక్‌లను మించినవాళ్లు లేరు. పబ్బులో ఎన్ని గ్లాసులు తెచ్చాడో బేరర్ మీ బల్ల మీది పలుచని కాగితం మీద గీతలు గీసి పెడతాడు. ఆ కాగితాన్ని నలిపి పారేయకండి, బిల్లు అదే.

వీసా ఎటునుంచి?

కావాల్సింది షెంగెన్ వీసా. పెద్దవాళ్లకు ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి దరఖాస్తు పెట్టొచ్చు, పదిహేను రోజుల ముందుకల్లా పెట్టి తీరాలి. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ప్రాగ్‌లో నాలుగు రాత్రులు, జర్మనీలో పది రోజులైతే జర్మన్ వీసాయే. జర్మనీలో పిల్లలు చదువుతున్న తెలుగు తల్లిదండ్రుల్లో చాలామందికి ప్రాగ్ అలా, అదే వీసా మీద, వేరే ఖర్చు లేకుండా కలిసొస్తుంది.

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. దోహా, దుబాయ్‌ల మీదుగా వెళ్తే ఇమ్మిగ్రేషన్ ప్రాగ్‌లోనే. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే అక్కడే. 2025 అక్టోబరులో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. అందుకని ఫ్రాంక్‌ఫర్ట్‌లో గంట వ్యవధి ఉన్న కనెక్షన్ తీసుకోవద్దు. ప్రాగ్ విమానాశ్రయానికి మెట్రో లేదు, 59వ నంబరు ట్రాలీబస్సు ఎక్కితే మెట్రో స్టేషన్ దగ్గర దింపుతుంది.

నెలల్లో నా ఓటు మే నెలకు. స్మెతానా వర్ధంతి అయిన 12వ తేదీన ‘ప్రాగ్ స్ప్రింగ్’ సంగీతోత్సవం మొదలవుతుంది. సెప్టెంబరూ మంచిదే. డిసెంబరులో క్రిస్మస్ సంతలు అందంగా ఉంటాయి గానీ పగలు ఎనిమిది గంటలే. జూన్‌లో పదహారు.

బెర్లిన్ నుంచి నాలుగు గంటల చిల్లర, డ్రెస్డెన్ నుంచి రెండున్నర గంటల లోపు రైలు ప్రయాణం. డ్రెస్డెన్ దాటాక ఎల్బా నది, ఇసుకరాతి కొండలు, ఆ తర్వాత వల్తావా, అన్నీ వెంబడే వస్తాయి. సీట్లు రిజర్వు చేసేటప్పుడు ప్రాగ్ వైపు వెళ్లే రైల్లో ఎడమ కిటికీ అడగండి. కుడివైపు కూర్చున్నవాళ్లకు దారిలో ఎక్కువగా కనిపించేవి కొండ అంచులు, స్టేషన్ గోడలే.